మంచులోంచి మామిడి పూతలోకి

మిషిగన్‌లో మంచు, ఫ్లోరిడాలో ఎండ. రెండూ కలిపి ఆరు రాష్ట్రాల మీదుగా ఒకటే రోడ్డు. అమ్మానాన్నల్నీ నాలుగేళ్ళ పిల్లనీ కారెక్కించుకుని వెళ్ళి, జనవరి నెలంతా అక్కడ కాపురం పెట్టొచ్చిన ముచ్చట ఇది.

డిసెంబరు రెండో వారానికల్లా నాన్న మా హాలు కొలిచేశారు. సోఫా దగ్గర్నుంచి వంటింటి గట్టు దాకా ఇరవై రెండు అడుగులు, వెనక్కి ఇరవై రెండు. పొద్దున వంద చుట్లు, సాయంత్రం వంద చుట్లు. మధ్యమధ్యలో కిటికీ దగ్గర ఆగి, ఎదురింటాయన మంచు తోడే మిషన్ తోసుకుంటూ పోవడం చూసేవారు. "మళ్ళీ రాత్రికి పడేదేగా, ఆయనకెందుకమ్మా అంత ఆయాసం?" అనేవారు. సమాధానం కోసం కాదు, ఎవరో ఒకరితో మాట్లాడాలి కాబట్టి.

నాన్న ముప్ఫై మూడేళ్ళు ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో చేసి రిటైరయ్యారు. అక్కడ ఆయన రోజు మొదలయ్యేది రింగు సెంటర్‌లోనే. తెల్లారగట్ల అక్కడిదాకా నడిచి, టీ కొట్టు బల్ల మీద పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, చదివినదాని మీద నలుగురితో పోట్లాడితే గానీ ఆయనకు టిఫిన్ దిగదు. డెట్రాయిట్ శివార్లలో మేముండే నోవైలో రింగు సెంటర్ లేదు. వేసవిలో అయితే కనీసం పార్కు ఉంటుంది. జనవరిలో పగటి ఉష్ణోగ్రత సున్నా దగ్గర తచ్చాడుతూ, రాత్రికి మైనస్ ఏడుకో ఎనిమిదికో పడిపోతుంది.

మామూలుగా మా అమ్మానాన్నలు ఏప్రిల్లో వచ్చి దసరాలోపు వెళ్ళిపోతారు. అమెరికాలో ఉన్న తెలుగు ఇళ్ళన్నిట్లోనూ దాదాపు ఇదే లెక్క. విజిటర్ వీసా మీద దిగినప్పుడు వేసే ఆర్నెల్ల స్టాంపుని ఎండాకాలం చుట్టూ సర్దుకుంటాం. ఈసారి తమ్ముడి పెళ్ళి శ్రావణంలో కుదరడంతో లెక్క తప్పి, అక్టోబరులో దిగారు. నవంబరు చివర్లో అమ్మ చెత్తడబ్బా లోపలికి తేబోయి జారిపడింది. బ్లాక్ ఐస్ అంటారిక్కడ. తారు మీద గాజుపొరలా పరుచుకుంటుంది, కళ్ళకి ఆనదు. ఎముక విరగలేదు గానీ అమ్మ ఆ రోజు నుంచి గుమ్మం దాటలేదు. నాన్న ఒక్కరూ దాటినా ఒప్పుకోలేదు.

అప్పుడన్నారు మా ఆయన, "మన వీధిలో ముసలాళ్ళు ఒక్కరైనా కనపడుతున్నారేమో చూడు" అని. చూశాను. మూల మీది ఇల్లు చీకటిగా ఉంది. దాని పక్కదీ అంతే. తలుపుల ముందు మంచు తోడించిన గుర్తులున్నాయి గానీ పొగగొట్టంలోంచి ఆవిరి రావడం లేదు. వాళ్ళంతా థాంక్స్‌గివింగ్ దాటగానే ఫ్లోరిడా వెళ్ళిపోయారు. ఈస్టర్‌కి గానీ తిరిగి రారు.

వీళ్ళని స్నోబర్డ్స్ అంటారు. చలి మొదలవగానే దక్షిణానికి ఎగిరిపోయి, మంచు కరిగాక గూటికొచ్చే పిట్టలు. అరిజోనాలో మీసా, యూమా ఊళ్ళకి కొందరు పోతారు. టెక్సస్ కొసన రియో గ్రాండే లోయకి పోయేవాళ్ళని అక్కడివాళ్ళు వింటర్ టెక్సన్స్ అని కాస్త గౌరవంగా పిలుస్తారు. మిషిగన్ వాళ్ళ దిక్కు మాత్రం ఫ్లోరిడానే, అందులోనూ పడమటి తీరమే. దానికి కారణం రోడ్డు. ఐ-75 అనే జాతీయ రహదారి మిషిగన్ ఉత్తరపు కొసన కెనడా సరిహద్దులో మొదలై, ఒహాయో, కెంటకీ, టెనెసీ, జార్జియా దాటి ఫ్లోరిడా పడమటి తీరం వెంబడి దిగుతుంది. న్యూయార్క్, న్యూజెర్సీల వాళ్ళకి ఐ-95 ఉంది, అది అట్లాంటిక్ ఒడ్డునే మయామీకి తీసుకుపోతుంది. అందుకే మయామీ వైపు న్యూయార్క్ యాస, ఫోర్ట్ మయర్స్ వైపు మా డెట్రాయిట్ యాస. ఏ నదికి ఏ ఊరి నీళ్ళో ముందే రాసిపెట్టి ఉన్నట్టు.

ఇన్నేళ్ళూ ఇదంతా గోల్ఫ్ కర్రలున్న తెల్లవాళ్ళ వ్యవహారం అనుకున్నాను. ఈసారి మాత్రం మేమూ పోదామనిపించింది. మా అమ్మాయి వచ్చే సెప్టెంబరులో కిండర్‌గార్టెన్‌లో చేరుతుంది. ఆ తర్వాత జనవరి నెలంతా ఎక్కడికైనా పోవడమన్నది పదమూడేళ్ళ దాకా కుదిరే మాట కాదు. పోతే ఇప్పుడే పోవాలి.

ముప్ఫై రోజుల లెక్క

ఇల్లు వెతకడం మొదలుపెట్టాక మొదట దొరికింది చవకగా, చక్కగా ఉంది. ఈత కొలను, పక్కనే కొబ్బరిచెట్లు. ఫోన్ చేస్తే ఆవిడ వయసులడిగింది. అది యాభై అయిదు దాటినవాళ్ళ కాలనీ. అమెరికాలో పిల్లలున్న కుటుంబానికి ఇల్లివ్వననడం చట్టవిరుద్ధం. కానీ పెద్దవాళ్ళ కోసమే ఉన్న కాలనీలకి చట్టంలో మినహాయింపు ఉంది. నూటికి ఎనభై ఇళ్ళలో కనీసం ఒక్కరైనా యాభై అయిదు నిండినవాళ్ళుండాలి. "మీ అమ్మానాన్నలు నిరభ్యంతరంగా రావచ్చు. మీరూ మీ పాపా మాత్రం కుదరదు" అంది ఎంతో మర్యాదగా. నాన్నకి ఈ మాట తెగ నచ్చింది. రెండ్రోజులు దాని గురించే నవ్వారు.

చివరికి ఫోర్ట్ మయర్స్‌లో రెండు పడకగదుల ఇల్లు నెలకి 4,600 డాలర్లకి కుదిరింది. ఆగస్టులో ఇదే ఇల్లు సగానికి వస్తుంది. ఆగస్టులో అక్కడ ఎందుకు ఉండాలన్నది వేరే ప్రశ్న.

నెల రోజులే ఎందుకంటే, నిజం చెప్పాలంటే తపాలా శాఖ వల్ల. ఊళ్ళో లేనప్పుడు ఉత్తరాలు దాచిపెట్టమని అడిగితే ముప్ఫై రోజుల దాకా దాస్తారు, ఆ పైన కాదు. నేను లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. జనవరి 2న బయల్దేరితే ఫిబ్రవరి 1కి ఇంట్లో ఉండాలి. ఆఫీసులు రెండూ ఇంటి నుంచి పనికి ఒప్పుకున్నాయి. ఐ-75 పొడవునా ఒకటే టైమ్ జోన్ కాబట్టి పొద్దున్నే తొమ్మిదింటి మీటింగ్ అక్కడా తొమ్మిదింటికే. ఇల్లు కట్టేసి పోవడం మాత్రం పెద్ద తతంగం. హీటర్ పూర్తిగా ఆపితే గోడల్లో నీళ్ళు గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి. అందుకని పదమూడు డిగ్రీల దగ్గర పెట్టి, వీధి నుంచొచ్చే నీళ్ళ వాల్వు కట్టేసి, కొళాయిలన్నీ విప్పి మిగిలిన నీళ్ళు కార్చేశాం. వాల్వు నాన్న కట్టారు. రెండుసార్లు తిప్పి, మళ్ళీ వచ్చి చూసుకుని, "షట్‌డౌన్ అయింది" అన్నారు, ఎవరికో షిఫ్టు అప్పగిస్తున్నట్టు.

దారిలో

నోవై నుంచి ఫోర్ట్ మయర్స్ దాదాపు 1,300 మైళ్ళు. విజయవాడలో బయల్దేరి, ఢిల్లీ దాటి లూధియానాలో తేలినంత. కుర్రాళ్ళయితే రెండు రోజుల్లో కొట్టేస్తారు. మేం నాలుగు రోజులు పెట్టుకున్నాం. అమ్మ పులిహోర, చపాతీలు, కందిపొడి, ఒక సీసా ఆవకాయ, రైస్ కుక్కర్ సర్దింది. కారు చివరి వరస సీటు మడిస్తే తప్ప చోటు చాలలేదు. "హోటళ్ళలో అన్నం దొరకదా ఏంటి అత్తయ్యగారూ" అని మా ఆయన నసిగితే, "దొరుకుతుంది బాబూ, తినబుద్ధి కాదు" అంది. ఒహాయోలో మంచు జల్లు పడి ముందు కారు కనపడనప్పుడు, విశ్రాంతి స్థలంలో కారాపి తిన్న ఆ పులిహోర సంగతి ఆయన తర్వాత ఎన్నిసార్లు ఎత్తారో.

సిన్సినాటి దగ్గర ఒహాయో నది దాటితే కెంటకీ. దాటగానే ఒక పెద్ద నీళ్ళ ట్యాంకు మీద రెండు మాటలు రాసుంటాయి, ఊరి పేరు ఫ్లోరెన్స్, పక్కన 'యాల్'. 1974లో కట్టినప్పుడు ఫ్లోరెన్స్ మాల్ అని రాశారు. ఆ మాల్ అప్పటికింకా కట్టనే లేదు. లేని కొట్టుకి రోడ్డు పక్క ప్రచారం చట్టవిరుద్ధమన్నారు అధికారులు. ఉన్న 'ఎం' అక్షరానికే కాళ్ళు కత్తిరించి 'యాల్' చేసేశారు. అంటే దక్షిణాది వాళ్ళ భాషలో 'మీరంతా'. ఇంగ్లిషువాళ్ళు నువ్వునీ మీరునీ కలిపేసి చేజార్చుకున్నదాన్ని దక్షిణాదివాళ్ళు మళ్ళీ పుట్టించుకున్నారని నాన్నకి చెప్పాను. "మరి మర్యాద ఒకళ్ళకే ఇవ్వాలంటే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండో రోజు మధ్యాహ్నం కార్బిన్ దగ్గర దిగాం. కొండల మధ్య చిన్న ఊరు. 1930లో హార్లాండ్ శాండర్స్ ఇక్కడే తన పెట్రోలు బంకులో బాటసారులకి భోజనం పెట్టడం మొదలుపెట్టాడు. కేఎఫ్‌సీ పుట్టిన చోటని బోర్డులుంటాయి. ఆ బోర్డుల మీద లేని సంగతి ఇంకొకటుంది. 1919 అక్టోబరులో ఈ ఊళ్ళో తెల్లవాళ్ళ గుంపు తుపాకులు పట్టుకుని, రైల్వే పనులకొచ్చిన నల్లవాళ్ళని ఇళ్ళలోంచి లాగి, రైలెక్కించి తరిమేసింది. ఆ రోజుల్లో, ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు, చీకటి పడ్డాక నల్లవాళ్ళు కనపడకూడని ఊళ్ళు ఈ దేశంలో ఉండేవి. ఏ ఊళ్ళో బస దొరుకుతుందో, ఎక్కడ భోజనం పెడతారో చెప్పే గ్రీన్ బుక్ 1936 నుంచీ అచ్చయ్యేది అందుకే. న్యూయార్క్‌లో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మాన్ వేసేవాడు. మేం మధ్యాహ్నం పూట, మా రంగు మా మీదేసుకుని, ఆవకాయ సీసా బల్ల మీద పెట్టుకుని ఆ ఊళ్ళో నింపాదిగా తిన్నాం. పక్క బల్ల ముసలాయన వాసనకి తలెత్తి చూసి, ఏమిటని అడిగి, వేలి కొసన రుచి చూసి, కోక్ అంతా తాగేశాడు.

ఆ రాత్రి అట్లాంటా శివారులో స్నేహితుల ఇంట్లో పడుకున్నాం. మర్నాడు రివర్‌డేల్ వేంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని కిందకి దిగాం. జార్జియాలో ఐ-75 దిగి ఏ ఊళ్ళోకి పోయినా ఏదో ఒక మూల 'డిక్సీ హైవే' అన్న బోర్డు తగులుతుంది. ఈ ప్రయాణాలన్నిటికీ తాత ఆ రోడ్డే. 1915లో మొదలుపెట్టించినవాడు కార్ల్ ఫిషర్, ఇండియానాపొలిస్ కార్ల వ్యాపారి. అప్పటికే మయామీ బీచ్‌లో చిత్తడి పూడ్పించి స్థలాలు వేసుకుని కూర్చున్నాడు. స్థలాలు కొనేవాళ్ళు రావాలంటే రోడ్డుండాలి కదా! రోడ్డు పడగానే ఫోర్డ్ మోడల్ టీ కార్లలో గుడారాలు, పొయ్యిలు, డబ్బా తిండి వేసుకుని రైతులూ బడి పంతుళ్ళూ బయల్దేరారు. 1919లో టాంపాలోని డిసోటో పార్కులో వాళ్ళంతా ఒక సంఘం పెట్టుకున్నారు, పేరు 'టిన్ కాన్ టూరిస్ట్స్'. కారు రేడియేటర్ మూత మీద ఒక రేకు డబ్బా అతికించుకోవడం సభ్యత్వానికి గుర్తు. ఫ్లోరిడా వ్యాపారులకి వీళ్ళంటే చిరాకు. ఒక చొక్కా, ఒక ఇరవై డాలర్ల నోటు తెచ్చుకుని, రెండూ మార్చకుండానే తిరిగెళ్తారని జోకు. రైస్ కుక్కర్‌తో వచ్చిన మమ్మల్ని చూస్తే ఏమనేవారో.

ఫ్లోరిడా గీత దాటగానే స్వాగత కేంద్రంలో చిన్న గ్లాసుతో నారింజ రసం ఉచితంగా ఇస్తారు. నాన్న రెండు తాగారు. రసం ఇచ్చే ఆనవాయితీ ఉంది గానీ తోటలు చాలా మటుకు పోయాయి. 2005లో కనపడిన సిట్రస్ గ్రీనింగ్ తెగులుని ఒక చిన్న పురుగు మోసుకుపోతూ చెట్టు చెట్టుకీ అంటించింది. 2003-04లో 24 కోట్ల పెట్టెలకి పైగా నారింజ పండిన రాష్ట్రంలో ఇరవై ఏళ్ళు తిరిగేసరికి అందులో పదోవంతు కూడా పండటం లేదు. రోడ్డు పక్కన మోడుబారిన వరసలు, వాటి వెంటే కొత్తగా లేస్తున్న ఇళ్ళ వరసలు.

బల్ల

మేం అద్దెకి దిగిన ఇంటి ఎదురుగా, చెరువు గట్టున ఒక బల్ల ఉంది. నెలకి 4,600 డాలర్లు దేనికి కట్టామని ఎవరైనా అడిగితే నేను ఆ బల్లనే చూపిస్తాను.

మొదటి రోజు పొద్దున్నే లేచి చూస్తే నాన్న లేరు. పంచె, స్వెట్టరు లేని చొక్కా, ఆ బల్ల మీద కూర్చుని ఉన్నారు. బయట పద్దెనిమిది డిగ్రీలు. పక్కన ఒక పొడుగాటి తెల్ల ముసలాయన కాఫీ తాగుతున్నాడు. మూడో రోజుకి ఆయన కప్పులో కాఫీ, నాన్న గ్లాసులో టీ. వారం తిరిగేసరికి ఇద్దరికీ వాదనలు మొదలయ్యాయి. ఆయన ఒహాయోలోని టోలెడో నుంచి వచ్చాడు. జీపుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు మిల్‌రైట్‌గా చేశాడు. నాన్న ఇంగ్లిష్ బాయిలర్, టర్బైన్, కండెన్సర్ మాటల దగ్గర ఏ తడుముకోవడమూ లేకుండా నడుస్తుంది. ఆయనకీ ఆ భాషే వచ్చు. రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడం ఎలాగన్న విషయం మీద ఇద్దరూ గంటన్నర మాట్లాడుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అప్పుడు నాకో మీటింగ్ నడుస్తోంది, దాంట్లో ఏం మాట్లాడారో ఇప్పటికీ తెలీదు.

మా అమ్మాయి ఆయనకి టోలెడో తాతయ్య అని పేరు పెట్టింది. మేం మిషిగన్ వాళ్ళమని తెలిసి, టోలెడో ఒకప్పుడు మాదేనని నాతో పరాచికమాడాడు. నిజమే, 1835లో ఆ ఊరి కోసం ఒహాయో, అప్పటికింకా రాష్ట్రం కాని మిషిగన్ సైన్యాలు దింపుకున్నాయి. ఊరు ఒహాయోకి పోయింది. ఓదార్పుగా మిషిగన్‌కి పైన ఇంకో భూభాగం ఇచ్చారు.

ఒకరోజు ఆయన నాన్నని తన గ్యారేజీలోకి తీసుకెళ్ళి గోడ మీద గీత చూపించాడు. నడుము ఎత్తున ఉంది. 2022 సెప్టెంబరు 28న ఇయన్ తుపాను తీరం దాటినప్పుడు నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి. అప్పుడు ఆయన ఇక్కడ లేడు, టోలెడోలో టీవీ చూస్తున్నాడు. పదిహేను మైళ్ళ దూరంలో ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో వీధులకి వీధులే కొట్టుకుపోయాయి, శానిబెల్ దీవికి పోయే రోడ్డు తెగిపోయింది. ఫ్లోరిడాలో దాదాపు నూట యాభై మంది చనిపోయారు. నాన్న చాలాసేపు ఆ గీత దగ్గరే నిలబడ్డారు. 1977 నవంబరు 19న దివిసీమని సముద్రం ముంచినప్పుడు ఆయనకి ఇరవై రెండేళ్ళు. వారం తర్వాత స్నేహితులతో బియ్యం మూటలు మోసుకుని అవనిగడ్డ వైపు వెళ్ళారు. ఆ ప్రయాణం గురించి ఇంట్లో మాకెవరికీ ఎప్పుడూ చెప్పలేదు. "అవర్ డిస్ట్రిక్ట్, టెన్ థౌజండ్ పీపుల్" అన్నారు ఆయనతో. తర్వాత ఉప్పెన అన్న మాటకి ఇంగ్లిష్ ఏంటని నన్నడిగారు. స్టార్మ్ సర్జ్ అంటారన్నాను. "పెద్దగా లేదు" అన్నారు, మాట గురించి.

పూత

ఇంటి వెనక ఒక మామిడిచెట్టు ఉంది. చూసిన క్షణం నుంచి అమ్మ నడక మారిపోయింది. పదకొండేళ్ళుగా మా నోవై గుమ్మానికి ప్లాస్టిక్ తోరణమే. భోగి ముందు రోజు సాయంత్రం అమ్మ స్టూలెక్కబోతే నేను లాగి, కొమ్మ నేనే వంచాను. ఆకులు తుడిచి, మధ్య ఈనె దగ్గర మడిచి, పుల్లతో గుచ్చి దారానికి ఎక్కించింది. వేళ్ళకంటిన పచ్చివాసన పీల్చి, మళ్ళీ పీల్చి, నా ముక్కు దగ్గర పెట్టింది.

భోగిమంట వెయ్యడానికి కాలనీ వాళ్ళు ఒప్పుకోరు. భోగిపళ్ళకి రేగుపళ్ళు లేవు. దారిలో పళ్ళ కొట్టులో కుమ్‌క్వాట్లు కొన్నాం. రేగుపండంత నారింజ, తొక్కతో సహా తినెయ్యొచ్చు. తొక్క తియ్యన, లోపల పులుపు. టాంపాకి ఉత్తరాన డేడ్ సిటీ చుట్టుపక్కల వీటి తోటలున్నాయి. చలికాలంలోనే పండుతాయి. చిల్లర కోసం క్వార్టర్లు, డైములు, చెరుకుముక్కలకి బదులు ఏమీ దొరక్క పటికబెల్లం. పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి అమ్మ దిష్టి తీసి పోస్తుంటే టోలెడో తాతయ్యనీ రమ్మన్నాం. ఆయన గుప్పిటతో పోసి, జారిపడ్డవి ఏరి నోట్లో వేసుకుని, ఇంత బాగున్నవి నెత్తిన పొయ్యడమేంటని అడిగాడు.

చెట్టుకి అప్పుడే పూత వస్తోంది. "ఈ చెట్టు కాయెలా ఉంటుందో అడుగు" అంది అమ్మ. అడిగాను. టోలెడో తాతయ్యకి తెలీదు. పదకొండేళ్ళుగా వస్తున్నాడు, ప్రతి ఏటా పూత చూస్తాడు. ఈస్టర్‌కి వెళ్ళిపోయేటప్పటికి పిందెలుంటాయి. పండు జూన్, జూలైలలో. ఒక్కటి కూడా తినలేదు.

అదే వారం ఎడిసన్, ఫోర్డ్‌ల శీతాకాలపు ఇళ్ళు చూడబోయాం. కలూసహాచీ నది ఒడ్డున పక్కపక్కనే ఉంటాయి. ఎడిసన్ 1885లో వచ్చి స్థలం కొన్నాడు. హెన్రీ ఫోర్డ్ 1916లో పక్కింటివాడయ్యాడు. మా ఇంటికి అరగంట దూరంలోని డియర్‌బోర్న్‌లో కార్లు తయారుచేసిన మనిషి, చలికి మేం దిగిన ఊళ్ళోనే దిగాడు. ఆ ఇంటి పేరు చదివి అమ్మ నవ్వాపుకోలేకపోయింది. 'మాంగోస్'. మామిడిపళ్ళు. "ఈయనైనా తిన్నాడా?" అంది. ఫోర్డ్ అక్కడికి వచ్చేది ఫిబ్రవరిలో, ఎడిసన్ పుట్టినరోజు దగ్గర్లో.

తోటలో మర్రిచెట్టు ఒకటుంది. టైర్ల వ్యాపారి హార్వీ ఫైర్‌స్టోన్ 1925లో ఎడిసన్‌కి ఇచ్చినది, మన దేశం నుంచి తెప్పించినదే. నాటేటప్పటికి నాలుగడుగులట. ఇప్పుడు ఎకరం దగ్గర దగ్గర కమ్మేసింది. రబ్బరు కోసం పరాయి దేశాల మీద ఆధారపడకూడదని ఎడిసన్, ఫోర్డ్, ఫైర్‌స్టోన్ ముగ్గురూ 1927లో సంస్థ పెట్టి, వేల రకాల మొక్కల పాలు పిండి చూశారు. చివరికి ఎడిసన్ నమ్ముకున్నది గోల్డెన్‌రాడ్ అనే పసుపుపూల మొక్కని. నాన్న మర్రి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దీనికి అయిదింతలుంటుందని, పాలమూరు పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ ఎక్కించి బతికించారని అక్కడ నిలబడ్డ గైడుకి చెప్పారు. ఆవిడ సెలైన్ దగ్గర నోట్సు రాసుకుంది.

జనవరి మూడో వారంలో చలిగాలి వీచింది. రాత్రి నాలుగు డిగ్రీలు. ఇంతదూరం వచ్చినా చలి వెంటబడిందని నాన్న మంకీ క్యాప్ తీశారు. ఆ ఇంట్లో హీటర్ వేస్తే ఏడాదిగా పేరుకున్న దుమ్ము కాలి పొగ అలారం మోగింది. దక్షిణ ఫ్లోరిడాలో ఇలాంటి రాత్రులు ఇగ్వానాలు కొయ్యబారి చెట్ల మీంచి రాలిపడతాయి. 2020 జనవరిలో మయామీ వాతావరణ కార్యాలయం జాగ్రత్తగా ఉండండని హెచ్చరిక కూడా ఇచ్చింది. మాకు ఒకటీ పడలేదు, పిల్ల చాలా బాధపడింది.

ఆ చలికి మాత్రం ఒక లాభం కలిగింది. మానటీలు వచ్చాయి. వాటిని సముద్రపు ఆవులంటారు. పది అడుగుల పొడవు, నాలుగైదు వందల కిలోల బరువు, ఒంటి మీద మాత్రం వెచ్చదనం నిలిపే కొవ్వు లేదు. నీళ్ళు ఇరవై డిగ్రీల కిందకి పోతే ఎక్కువ రోజులు బతకలేవు. ఒకప్పుడు ఊటలున్న నదుల్లోకి పోయేవి. ఇప్పుడు చాలామటుకు పవర్ స్టేషన్లు వదిలే వేణ్ణీళ్ళ దగ్గరికి చేరుతున్నాయి. ఫోర్ట్ మయర్స్‌కి తూర్పున ఆరెంజ్ నది మీద అలాంటి పార్కే ఉంది. ముందు నల్లటి రాళ్ళలా కనిపిస్తాయి. ఆ తర్వాత ఒక రాయి ముక్కు పైకెత్తి ఫుస్సుమని గాలి వదులుతుంది. ఆ శబ్దం రెండడుగుల దూరంలో మా అమ్మాయి పక్కనే వచ్చింది. కేక పెట్టి తాతయ్య కాలు పట్టుకుంది.

తాతయ్య మానటీల వైపు చూడటం లేదు. పైనున్న చిమ్నీల వైపు చూస్తున్నారు. మనవరాలిని ఎత్తుకుని చెప్పడం మొదలుపెట్టారు. నీళ్ళు కాస్తే ఆవిరవుతుంది, ఆవిరి పంకా తిప్పుతుంది, కరెంటొస్తుంది. పని చేసి అలిసిపోయిన ఆవిరిని మళ్ళీ నీళ్ళు చెయ్యాలంటే నది నీళ్ళు లోపలికి లాగి చల్లబరచాలి. ఆ లాగిన నీళ్ళు వేడెక్కి బయటికొస్తాయి, ఇదిగో ఈ కాలవలోకి. "మా దగ్గరా ఇంతేనమ్మా, వేణ్ణీళ్ళ కాలవ ఉండేది. చలికాలంలో ఊరివాళ్ళు స్నానాలకొచ్చేవాళ్ళు, వద్దన్నా వినేవాళ్ళు కాదు."

చుట్టూ పదిమంది చేరారు. మా ఆయన ఇంగ్లిష్‌లో చెప్తున్నారు, నాన్న తప్పులు దిద్దుతున్నారు. ఈ స్టేషన్లు మూతబడితే ఈ జంతువులు ఎక్కడికి పోతాయని ఒకావిడ అడిగింది. శాస్త్రవేత్తల దిగులూ అదే. 2021 ఒక్క ఏడాదిలోనే ఫ్లోరిడాలో 1,100 మానటీలు చచ్చిపోయాయి, వాటిలో చాలా తూర్పు తీరంలో సముద్రపు గడ్డి మాయమై ఆకలితో. వెచ్చదనం ఉన్న చోట తిండి లేదు, తిండి ఉన్న చోటికి పోతే చలి. నాన్న ఆవిడకి జవాబు చెప్పలేదు. కారెక్కాక మాత్రం, "బాయిలర్ ఆపేముందు వీటికి చెప్పేవాళ్ళెవరు?" అన్నారు.

జనవరి 29న సామాను సర్దాం. టోలెడో తాతయ్య నాన్నకి తన కాఫీ కప్పు ఇచ్చాడు, నాన్న తన స్టీలు గ్లాసు ఇచ్చారు. అమ్మ పెరట్లో చెట్టు కింద నిలబడి పూత కేసి చూస్తోంది. అప్పటికి నిండుగా విరిసింది, తేనెటీగలు ముసురుతున్నాయి.

"పాపం, పదకొండేళ్ళు! ఒక్క పండూ తినలేదటే" అన్నాను.

"నువ్వు తిన్నావేంటి?" అంది అమ్మ.

నేనేమీ అనలేదు. మా ఇబ్రహీంపట్నం పెరట్లోనూ చెట్టుంది, చిన్నరసం. నేను ఇండియా పోయేది డిసెంబరు సెలవులకి, మూడు వారాలు. సంక్రాంతి చూసుకుని వచ్చేస్తాను. పూత వాసన తగిలే వేళకి విమానంలో ఉంటాను. ఎండలకి పిల్ల తట్టుకోలేదని వేసవిలో పోయి ఎన్నేళ్ళయిందో లెక్క వెయ్యబోయి, మానేశాను.

అమ్మ ఒక కొమ్మ విరిచి, ఆకుల్ని తడి పేపర్ నాప్కిన్లలో చుట్టి, జిప్‌లాక్ సంచిలో పెట్టి, ఆవకాయ సీసా పక్కన సర్దింది.

నాలుగో రోజు చీకటిపడ్డాక ఇల్లు చేరాం. మైనస్ పదకొండు. కారులోంచి దిగి నాన్న నేరుగా వాల్వు దగ్గరికి పోయారు. మా ఆయన గుమ్మం ముందు మంచు తోడుతున్నారు. నేను పిల్లని దుప్పట్లో చుట్టి లోపలికి తెచ్చి, మళ్ళీ బయటికొచ్చేసరికి అమ్మ కోటు, గ్లవ్స్, మంకీ క్యాప్ వేసుకుని గుమ్మానికి ఆకులు కడుతోంది. ప్లాస్టిక్ తోరణం తీసి మెట్ల మీద పడేసింది.

"పొద్దుటికి నల్లబడిపోతాయమ్మా" అన్నాను.

"పొద్దుటి సంగతి పొద్దున చూద్దాం. ఆ చివర పట్టుకో" అంది.